పదకొండు ఊళ్ళకు ఒక ముక్కు

"మీ ముక్కు ఒకటి. నా ఏజెంట్లు పదకొండు మంది. ఈ లెక్క ఎలా కుదురుతుంది మియా?" అని లాలా హరిమోహన్ టండన్ అడిగాడు.

చెవిలోని అత్తరు దూదిని సరిచేసుకుని, కుదరదని శరాఫత్ మియా ఒప్పుకున్నాడు.

కన్నౌజ్ బజారులో ఆ అత్తరు దుకాణానికి మియాయే ముక్కు. సీసా వాసన చూసి ఆయన అసలంటే అసలు, కల్తీ అంటే కల్తీ. కానీ ఆ ముక్కు దుకాణంలో తన పరుపు మీద, ఈ ఊళ్ళోనే కూర్చుంటుంది. అక్కడ నాగపూర్‌లోనో ఇండోర్‌లోనో ఎవరో కల్తీ సీసా పట్టుకొచ్చి, ఇది మీదే, నచ్చలేదు అంటే ఏజెంట్లు నోరు మూసుకుని వెనక్కి పుచ్చుకుంటున్నారు.

అందుకే లాలా కూతురు వర్తిక పాఠం తయారుచేయడానికి పూనుకుంది. ఆన్‌లైన్‌లో పాఠాలు అల్లే వెబ్‌సైటు ఒకటి పట్టింది. అందులో వీడియో పెట్టొచ్చు, బొమ్మలు పెట్టొచ్చు, గొంతు కలపొచ్చు, మధ్యలో ఆపి ప్రశ్న వేయొచ్చు. జవాబు కుదిరితే పచ్చ టిక్కు పడి గంట మోగుతుంది. వాసన మాత్రం అందులో వెళ్ళదు కాబట్టి, వీడియోలో చూపే పది సీసాల్లాంటివే నంబర్లు వేసి అందరికీ పార్శిల్ పంపాలి.

లాలా బేరం సూటిగా పెట్టాడు. ఏజెంట్లు పాఠంతో నేర్చుకుంటే మియా ఇంటికి. నేర్చుకోలేకపోతే ఆయన పరుపు జోలికి ఇక ఎవరూ రారు. అప్పటికే వడ్రంగిని పిలిచి, ఆ చోట గాజు బీరువాకు కొలతలు తీయించాడు.

"కొలతలు బాగా తీయించండి లాలాజీ," అన్నాడు మియా. "నాలాంటివాళ్ళను ఇద్దర్ని పెట్టేంత చోటుంది."

ఏ నంబరులో ఏముందో లాలాకూ మియాకూ తెలియకుండా వర్తికే సీసాలు నింపింది. వీడియో తీసేటప్పుడు మియా ఎప్పటి మర్యాదే పాటించాడు. సరుకు మీది, మొదటి వాసన మీకే అన్నాడు. లాలా వెనక కూర్చుని ఒక్కో మూత తీసి, ఓసారి ముక్కుకు ఆనించి అందించేవాడు. తనకు రేటు తప్ప వాసన తెలియదని లాలాయే పదిమందిలో చెప్పుకుంటాడు. మియా వెనక్కి తిరిగి సీసా అందుకోగానే వీడియో ఆగి, అసలా కల్తీయా అని ప్రశ్న వస్తుంది. నొక్కాక మియా తీర్పు.

వారానికి జవాబులొచ్చాయి. పదకొండు మందిలో ఎవరికీ ఎనిమిదికి తగ్గలేదు. నాగపూర్ వామన్‌రావు మరీ విచిత్రం. పడిశంతో ముక్కు మూసుకుపోయి ఉన్నాడట, పార్శిల్ విప్పనే లేదట, ఊరికే వీడియో చూస్తూ నొక్కితే పదికి పది వచ్చాయట.

"చూశారా," అన్నాడు లాలా. "మా అమ్మాయి పాఠానికి ముక్కుతో పనే లేదు."

మియా పరుపు చుట్టడం మొదలుపెట్టాడు.

లాలా అక్కడితో ఆగి ఉంటే పోయేది. పాఠం బాగుంది గానీ వెనక గోనెసంచులూ పాత క్యాలెండరూ కనబడి పరువు తీస్తున్నాయి, గులాబీ తోట పెట్టమన్నాడు. వెబ్‌సైటులో దానికో బటనుంది. వర్తిక కొత్తగా పది సీసాలు నింపి, మళ్ళీ వీడియో తీసి, ఆ బటను నొక్కింది. సంచులు పోయాయి, క్యాలెండరు పోయింది, వాటితోపాటు లాలా కూడా పోయాడు. గులాబీల మధ్య మియా చేయి చాపితే సీసా గాలిలోంచి వచ్చి వాలుతోంది. ఇది ఇంకా బాగుందని లాలా మురిసిపోయి పంపించేశాడు.

ఈసారి ఎవరికీ నాలుగు దాటలేదు. పడిశం తగ్గి, పార్శిల్ విప్పి, ఒక్కో సీసా రెండేసిసార్లు వాసన చూసి మరీ నొక్కిన వామన్‌రావుకు రెండే వచ్చాయి.

"ఇది మిషన్లకు పట్టే విద్య కాదు," అని లాలా తేల్చేశాడు. "పరుపు విప్పండి మియా." వడ్రంగికి వద్దని కబురు పంపి, తను బ్యాంకుకు వెళ్ళాడు.

వర్తికకు మాత్రం మనసొప్పలేదు. అదే మనిషి, అదే మాట, అవే ప్రశ్నలు. రెండు వీడియోలూ తెర మీద పక్కపక్కన పెట్టి, ప్రశ్న వచ్చే చోటల్లా ఆపి చూసింది. ఏడో సీసా దగ్గరకొచ్చేసరికి ముందుకు వంగింది. ఎనిమిది, తొమ్మిది, పది చూసి, కంప్యూటర్ మూసి, వంటింట్లోకి వెళ్ళి ఒక ఖాళీ అత్తరు సీసాలో ఆవనూనె పోసుకొచ్చింది.

"ఇదేమిటో చెప్పండి చాచా."

మియా మూత తీసి, కళ్ళు మూసుకుని, తాపీగా వాసన చూశాడు. కళ్ళు తెరిచి, వెనక ఖాళీగా ఉన్న లాలా గద్దె వైపు చూశాడు.

"లాలాజీ ఎప్పుడొస్తారు?"

"బాబూజీకి వాసన తెలియదుగా చాచా. ఆయనతో ఏం పని?"

మియా మూత బిగించి, సీసా ఆమె చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఊరంతా జ్వరాలొచ్చిన ఆ ఏడాది నుంచీ నాకు ఏ వాసనా తెలియదు బిటియా. అసలు సరుకు మూత తీస్తే మీ బాబూజీ ఎడమ కనుబొమ లేస్తుంది, కల్తీదైతే లేవదు. ఆ సంగతి ఆయనకు మాత్రం చెప్పకు, తెలిసిందంటే కనుబొమ సిగ్గుపడి ఆగిపోతుంది, ఇక ఈ దుకాణానికి ముక్కే ఉండదు."