కాలికట్టు

వీధిలో స్కూటర్ ఆగిన చప్పుడు వినగానే దర్జీ మిషన్ తొక్కడం ఆపేశాడు.

"వేంచేశాడు కోళ్ళ డాక్టరు," అన్నాడు పళ్ళు నూరుతూ.

నిజానికి డాక్టరు కాదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్. ఇల్లు పక్క వీధిలోనే. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తూ, దర్జీ భార్య సాకుతున్న కోడిపిల్ల కాలికి కట్టు మార్చిపోతాడు.

ఆ పిల్లకి అప్పుడప్పుడే రెక్కల్లో ఈకలు వస్తున్నాయి. ఎవరిదో తెలీదు. వీధిలో సైకిల్ చక్రం కింద పడి కాలు విరిగితే, ఆమె పరుగున వెళ్ళి రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చింది. ఇక అప్పట్నుంచి దానిది రాజభోగమే. వెనక గదిలో బట్టల బుట్ట దాని మంచం. నూకలు నానబెట్టి, మెత్తగా నలిపి, వేలి కొసతో నోటికి అందిస్తుంది. చలికి ముడుచుకుంటే వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెడుతుంది.

మొన్న దర్జీ వేల్లో సూది దిగింది. ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"దూది అక్కడే ఉంది చూడండి," అంది ఆమె లోపల్నుంచి. బుట్ట దగ్గర్నుంచి లేవలేదు.

పోనీ, కోడిపిల్లనైనా ఓర్చుకోవచ్చు. ఈ కాంపౌండర్ని ఓర్చుకోవడమే అతని వల్ల కావడం లేదు.

మొదటిరోజు ఆమెని "అమ్మా" అన్నాడు. మర్నాటికి అది "ఏమండీ" అయింది. ఇప్పుడు ఏ పిలుపూ లేదు. సొంతింటికి వచ్చినట్టు చెప్పులు విప్పేసి, "ఎలా ఉంది మన పేషెంటు?" అంటూ తిన్నగా లోపలికే.

మన పేషెంటట!

ముందు గదికీ వెనక గదికీ మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది. కుట్టింది దర్జీయే. కాస్త పల్చటి గుడ్డతో కుట్టి ఉండాల్సింది అనుకున్నాడు.

అవతల కాంపౌండర్ ఏదో చెబుతున్నాడు. ఇంజెక్షన్ చూసి బెదిరిన పొట్టేలు డాక్టరుగారి కుర్చీ ఎక్కి కూర్చుందట. డాక్టరుగారేమో బల్ల కింద దూరి, "ముందు దాన్ని బయటికి పిలవండి, దాని నంబరు అయిపోయింది" అని అరిచాడట.

ఆమె నవ్వింది. ఆపుకోలేక, ఊపిరందక నవ్వింది.

దర్జీ చేతిలో కాలరు తిరగబడి కుట్టుకుపోయింది.

ఆవేళ భోజనాల దగ్గర తనూ ఒకటి చెప్పాడు. పొట్ట లోపలికి పీల్చి కొలతలిచ్చి, తీరా చొక్కా తొడుక్కున్నాక ఊపిరి వదిలిన లావుపాటి ఆసామి సంగతి. గుండీలు ఎగిరి ఎక్కడెక్కడ పడ్డాయో చేతులు ఊపి మరీ చూపించాడు. మధ్యలో తనే నవ్వాడు.

"ఊఁ," అంది ఆమె. "ఇంకొంచెం వడ్డించనా?"

మరో సాయంత్రం కర్టెన్ తప్పించుకుని ఆమే వచ్చింది, చేతిలో ఒక గుండీతో. "ఏవండీ, ఆయన చొక్కాది ఊడిపోయింది. కాస్త కుట్టిపెట్టండి."

కుట్టాడు. ఎంత బిగించాడంటే, ఆ గుండీ ఇక జన్మలో ఊడదు. కాజాలో దూరనూ దూరదు.

కోడిపిల్ల కాలు మాత్రం ఎంతకీ నయం కావడం లేదు. సాయంత్రం బిగించి కట్టిన కట్టు మర్నాడు చూస్తే వదులైపోయి ఉంటోంది.

"ముక్కుతో లాగేస్తోందేమో," అంది ఆమె.

కాంపౌండర్ తల గోక్కున్నాడు. "పీకుతుంది గానీ ముడి విప్పలేదు కదా. పుల్లలు కదిలితే ఎముక అతకదు. సరే, రేపు మళ్ళీ వస్తాను."

"రాక ఏం చేస్తారు," అన్నాడు దర్జీ ఇవతల్నుంచి. "కట్టేవాళ్ళు సరిగ్గా కడితే రోజూ తిరిగే పనే ఉండదు."

"మీ కుట్టంత గట్టిగా మా కట్టు ఉండొద్దూ మాస్టారూ!" అని నవ్వాడు కాంపౌండర్. ఆ నవ్వులో కల్మషం లేదు. దర్జీకి అది ఇంకా మండింది.

స్కూటర్ మలుపు తిరిగాక దర్జీ తల్లి వంటింట్లోంచి వచ్చి మిషన్ పక్కన కూలబడింది. గొంతు తగ్గించింది.

"ఒరేయ్, ఆ ముడి ఎవరు విప్పుతున్నారో తెలియట్లేదా నీకు?"

అతను సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. బెజ్జం దొరకలేదు.

"నీ పెళ్ళామేరా! వాడు రావాలని. పురిటికని వెళ్ళి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చింది. పాపం, కాదనను. అప్పట్నుంచి మనతో నాలుగు మాటలు మాట్లాడిందా? నువ్వు నవ్వించబోతే నవ్విందా? వాడు రాగానే ఆ ఇకఇకలేమిటి? కళ్ళున్నాయా నీకు?"

"ఉన్నాయమ్మా."

"ఉంటే ఊరుకుంటావా? రేపు నేనే కాపలా ఉంటా, చూడు."

అన్నట్టే మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బుట్ట పక్కనుంచి కదల్లేదు. కట్టు ఇసుమంతైనా వదులు కాలేదు.

"చూశావా?" అంది కొడుకుతో, కళ్ళెగరేసి.

కాంపౌండర్ వచ్చి కాలు తడిమి చూశాడు. మొహం విప్పారింది. "పట్టు దొరికింది! ఈ ముడి ఇలాగే ఉంటే నాలుగు రోజుల్లో మీరే విప్పేయొచ్చు. మళ్ళీ వదులైతే కబురు చేయండి. లేదంటే ఇక నేను రానక్కర్లేదు."

ఆమె గుమ్మం దాకా వచ్చింది. స్కూటర్ చప్పుడు వినిపించనంత దూరం పోయినా అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది. కోడిపిల్ల కీచుకీచుమన్నా లేవలేదు.

"పీడా పోయింది," అంది తల్లి.

దర్జీ మిషన్ మీద గుడ్డ కప్పేశాడు.

తెల్లారాక తల్లి బజారుకి వెళ్ళింది. భార్య బిందె తీసుకుని వీధి కొళాయి దగ్గరికి వెళ్ళింది.

దర్జీ మిషన్ మీంచి లేచి, కర్టెన్ తప్పించి, బుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎప్పటిలాగే ఆ ముడి విప్పాడు.