పదిహేడో ఫొటో

"వాళ్లందరి చెవుల్లో నువ్వే ఊదావు! లేకపోతే రెండు వందల మందిలో నూట తొంభై మంది ఒకే తప్పు చేస్తారా?"

ప్రొఫెసర్ గారు కాగితాల కట్ట బల్ల మీద విసిరికొట్టారు. సగం కిందపడ్డాయి. ఆయన కింద పరిశోధన చేస్తున్న అమ్మాయి వాటిని ఏరడానికి వంగలేదు. నాలుగేళ్లుగా ఆయన విసిరినవన్నీ ఏరింది. ఇవాళ ఒళ్లు మండిపోయి ఏరబుద్ధి కాలేదు.

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు సార్. ఫొటోలు చూపించాను, గళ్లలో టిక్కు పెట్టమన్నాను. అంతే."

అక్కడ జరిగే పని అదే. మనిషి నిలబడే తీరు చూసి అవతలివాళ్లు మనసులో ఉన్నదాన్ని ఎంతవరకు పట్టుకోగలరన్నది ఆయన పరిశోధన. మొత్తం నలభై ఫొటోలు. అన్నింట్లోనూ మొహం మీద నల్లరంగు పులిమేస్తారు. మెడ నుంచి పాదాల దాకా చూసి కోపమో, భయమో, దుఃఖమో, సంతోషమో చెప్పాలి. ముప్ఫై తొమ్మిదింటికి జనం చెప్పిందీ ఆయన జవాబుల పట్టికా సరిపోయాయి. పదిహేడో దాని దగ్గరే తేడా కొట్టింది. పట్టికలో సంతోషం అని ఉంటే జనం భయం అన్నారు.

ఆ ఫొటోలో ఒక ఆడమనిషి మేడ మీద గోడకు అంటుకుని నిలబడి ఉంది. భుజాలు పైకి లేచి ఉన్నాయి. మోచేతులు ఒంటికి బిగుసుకుపోయాయి. ఒక పాదం మెట్ల వైపు తిరిగి ఉంది.

"అది సిగ్గు! సంతోషం పట్టలేకపోతే మనిషి అలాగే ముడుచుకుంటుంది. నీలాంటి మొద్దులకు అర్థం కాదు."

"పోనీ, పదిహేడు తీసేద్దాం సార్."

"తీసేద్దామా! నా పుస్తకం మొదటి అధ్యాయమే దాని మీద రాశాను. తీసేస్తుందట!"

"మిగతావాటికి నిలబడినవాళ్లనే అడిగి జవాబు రాసుకున్నాం. వాళ్ల సంతకాలున్నాయి. దీనికి మాత్రం మీ చేతిరాత ఒక్కటే ఉంది సార్. ఆవిణ్ని కూడా ఒక్క మాట అడిగితే..."

"ఆవిణ్ని అడగాల్సిన పని లేదు! ఫొటో తీసింది నేను. నవ్వమన్నాను, నవ్వింది. నేను పులిమిన రంగు కింద పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూనే ఉంది. ఇంకేం కావాలి?"

"మొహం కప్పేస్తే మిగిలింది ఇదే కదా సార్."

ఆ మాటకు ఆయన మండిపడ్డారు. కుర్చీ వెనక్కి తోసి లేచారు.

"ఏం చూసుకుని నీకింత పొగరు? చేతులు కట్టుకుని ఎలా నిలబడ్డావో చూసుకో! మనుషుల్ని చదవడంలో నా జుట్టు నెరిసింది. నన్ను లెక్కచెయ్యడం లేదని ఆ నిలబడడంలోనే తెలిసిపోతోంది."

ఆమె చేతులు కట్టుకున్నది అవి వణుకుతున్నాయని. మహానుభావుడు ఆ మాత్రం కూడా చదవలేకపోయాడు.

"విను. సాయంత్రం లోపు ఈ కాగితాలు మారాలి. భయం అన్న చోట సంతోషం అని ఉండాలి. లేదా నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు. నాలుగేళ్లూ మట్టికొట్టుకుపోతాయి. ఆపైన నీ ఇష్టం."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఈ మనిషి ముందు ఏడిస్తే దానికీ ఏదో పేరు పెడతాడని మింగేసింది.

"మార్చను సార్."

అప్పుడే తలుపు చప్పుడైంది. ప్రొఫెసర్ గారి భార్య. ఈ అమ్మాయి ఆవిణ్ని చూడడం అదే మొదటిసారి. చేతిలో కళ్లజోడు ఉంది.

"మర్చిపోయి వచ్చారండీ."

"అక్కడ పెట్టి వెళ్లు," అని విసుక్కున్న ఆయన, ఏదో తట్టినట్టు ఆగారు. మొహం వెలిగిపోయింది. "కాదు, ఇలా రా. చూడు అమ్మాయ్, ఈవిడకు నీ చదువూ రాదు, నా చదువూ రాదు. ఈవిడైనా సరిగ్గా చెబుతుంది, నేర్చుకో. ఏమోయ్, ఈ ఫొటోలో మనిషి మనసులో ఏముంది?"

సాక్షిని బాగానే తెచ్చుకున్నాడు! మొగుడు గుడ్లురిమి చూస్తుంటే ఏ ఇల్లాలు కాదంటుంది?

ఆవిడ ఫొటో వంక చూసింది. ఎక్కువసేపేమీ చూడలేదు.

"చెప్పమంటారా, రాయమంటారా?"

"రాయి, రాయి. కాగితం మీద పడితే దీని నోరు మూతపడుతుంది."

ఆవిడ బల్ల మీదున్న ఖాళీ జవాబు కాగితం, పెన్సిల్ తీసుకుంది. టిక్కు పెట్టి, కాగితాన్ని భర్తకు కాకుండా అమ్మాయికి అందించింది. అమ్మాయి చదివింది. నమ్మకం కలగక మళ్లీ చదివింది.

భయం.

ప్రొఫెసర్ గారు ఆ కాగితం లాక్కున్నారు. "నీకేమైనా మతిపోయిందా? కళ్లు పెట్టి చూడు!"

"చూశానండి."

"మళ్లీ చూడు!"

"ఎన్నిసార్లు చూసినా అదేనండి."

ఇన్నేళ్లలో ఆయనకు ఎదురు చెప్పిన రెండో మనిషిని అమ్మాయి కళ్లప్పగించి చూసింది. తన మూలంగా పాపం ఈవిడకు ఇంట్లో ఎంత గొడవో అని భయం కూడా వేసింది.

"మేడమ్, రెండు వందల మందీ కాస్త ఆలోచించుకునే టిక్కు పెట్టారు. మీరు ఒక్క క్షణంలో ఎలా చెప్పారు?"

ఆవిడ పెన్సిల్ బల్ల మీద పెట్టింది.

"అందులో ఉన్నది నేనేనమ్మా."