దాతగారి నంబరు

"ఈ నంబరాయన్ని బోర్డు ముందు నుంచి కాస్త పక్కకి జరపండి సార్," అంటూ, పాఠం మొదట్లో కనబడే అడ్రసు పట్టుకుని వచ్చిన రెబ్కా తన ఫోన్‌ని బల్ల మీద పెట్టింది.

శ్రీకృష్ణ ఫోన్ వంక చూడనైనా చూడలేదు. బ్రాడీపేటలో ఆన్‌లైన్ పాఠాల ఆఫీసు తెరిచినప్పటి నుంచీ, వీడియో ఆడటం లేదని వచ్చే ప్రతివాళ్లనీ ఆయన అడిగేవి అవే ప్రశ్నలు. నెట్ ఉందా అన్నాడు. ఉందంది. ఫోన్ ఆపి మళ్లీ పెట్టావా అన్నాడు. మూడుసార్లు పెట్టానంది. అక్కర్లేనివన్నీ తీసేశావా అంటే, మనవరాలి ఫొటోలు కూడా తీసేశాననీ, చీర కొంగుతో అద్దం కూడా తుడిచాననీ చెప్పింది. జవాబులు చెబుతూనే గోడ మీది రాతలన్నీ చదువుతోంది. చెప్పులు బయట విడవండి. పాఠాలు దొంగిలిస్తే పోలీసు కేసు. కంప్యూటర్ అంచుకి అతికించిన చీటీ మీద, సార్ పాస్‌వర్డ్, మర్చిపోవద్దు.

"మరి వీడియో ఎక్కడ ఆగిపోతోందమ్మా?"

"ఆగటం లేదు సార్, శుభ్రంగా నడుస్తోంది. మాస్టారు లెక్క చేసి చివర జవాబు రాసే సమయానికి ఎవరిదో ఫోన్ నంబరు తేలుకుంటూ వచ్చి దాని మీద కూర్చుంటోంది. అది పోయేసరికి మాస్టారు బోర్డు తుడిచేస్తున్నాడు."

సోమవారం ఆమెకి ఓపెన్ స్కూల్ పదో తరగతి లెక్కల పరీక్ష. మిగతావన్నీ పాసైంది. ఇదొక్కటీ గట్టెక్కితే, అంగన్‌వాడీలో ఆయాగా ఉన్న మనిషి టీచరు పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

శ్రీకృష్ణ నవ్వాడు. ఆ ఏర్పాటు తనదేనన్నాడు. చూసేవాళ్ల నంబరే వాళ్ల తెర మీద తిరుగుతుందనీ, ఎవడైనా పాఠాన్ని కాపీ చేసి పంచితే, వాడి నంబరు కూడా దాంతోపాటే ఊళ్లన్నీ తిరిగి వాణ్ణి పట్టిస్తుందనీ వివరించాడు.

"అది నీ నంబరేనమ్మా."

"నా నంబరు నాకు తెలియదా సార్. నాది చివర రెండు ఆరులు. ఇది దాతగారిది."

"ఏ దాత?"

దర్శిలో ఫోన్లు బాగుచేసే అతను ఈ పాఠాలన్నీ చిన్న కార్డులో వేసిచ్చాడనీ, ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నావయ్యా అంటే, ఎవరో మహానుభావుడి దయ అన్నాడనీ చెప్పింది. ఇచ్చినవాళ్ల పేరు కనబడటంలో తప్పు లేదంది. వాళ్ల చర్చిలో మూడు ఫ్యాన్ల రెక్కల మీదా ఇచ్చినవాళ్ల పేర్లే. జక్రయ్యగారు ట్యూబులైటు ఇచ్చి, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి తన పేరు రాయిస్తే వెలుతురు సగమైంది. అయినా ఎవరూ ఏమీ అనలేదు.

"ఈయన పేరు తెలియక, పోయిన ఆదివారం నంబరే చదివించి ప్రార్థన చేయించాను సార్."

శ్రీకృష్ణ మొహం కల్లంలో ఆరబోసిన మిరపకాయలా అయింది.

"దాత కాదమ్మా, దొంగ. వాడి కోసమే ఆర్నెల్లుగా వెతుకుతున్నాను. ఆ కార్డు ఇలా ఇవ్వు."

రెబ్కా ఫోన్ తీసుకుని ఒళ్లో దాచుకుంది. సోమవారం దాకా ఉండనివ్వమనీ, పరీక్ష రాసి తనే తెచ్చి ఇస్తాననీ బతిమాలింది. ఆయన్ని మాత్రం దొంగ అనొద్దంది.

పిల్లల్ని చేర్చడానికి వచ్చినవాళ్లు నలుగురు బెంచీ మీద నుంచి మెడలు చాపారు. వాళ్లు వింటున్నారని చూసి శ్రీకృష్ణ గొంతు పెంచాడు.

"నంబరు నీ దగ్గరుందిగా. ఇప్పుడే చెయ్యి. వాడు దొరికాడా, వీళ్ల సాక్షిగా మొత్తం కోర్సు నీకు ఉచితం. నంబరు అడ్డం లేకుండా చూసుకో."

పెద్దమనుషులకి ఊరికే ఫోన్ చేస్తే బాగుండదని రెబ్కా ఇన్నాళ్లూ చేయలేదు. నోటుపుస్తకం తీసి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకుంటూ నొక్కింది.

శ్రీకృష్ణ జేబులో ఫోన్ మోగింది. ఇప్పుడే ఎవడో తగులుకున్నాడని విసుక్కుంటూ, బయటికి తీయకుండానే దాని నోరు నొక్కేశాడు.

"ఏమ్మా, ఎత్తాడా?"

"కట్ చేశారు సార్."

"చూశారా, దొంగ బుద్ధి," అన్నాడు బెంచీ వైపు తిరిగి. "మళ్లీ చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి."

రెబ్కా మళ్లీ చేసింది. జేబు మళ్లీ మోగింది. ఆమె ఆపింది. జేబు ఆగింది. మళ్లీ నొక్కింది. ఈసారి బెంచీ మీద నలుగురూ శ్రీకృష్ణ జేబు వంకే చూస్తున్నారు.

రెబ్కా గబుక్కున లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"మీ పేరు చెప్పండి సార్. ఈ ఆదివారం పేరుతోనే ప్రార్థన చేయిస్తాను."