అమ్మ మీది రాళ్లు

"మా అమ్మ మీద శానా రాళ్లున్నయి పంతులమ్మా. దేవదూత ఒక్కడే తీస్తడా?" అని అడిగింది రాహేలు.

యుద్ధం రోజుల్లో పెద్దమందడికి వచ్చిన కలరా గత్తరలో ఆ పిల్ల తల్లి పోయింది. శుభ శుక్రవారం నాడే పూడ్చారు. తవ్వేవాళ్లు చాలక గుంత లోతు కాలేదు. తోడేళ్లు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు.

మర్నాడు రాధమ్మ పంతులమ్మ పిల్లలకు ఈస్టరు పాఠం చెప్పింది. మూడోనాడు ప్రభువు లేచాడని, సమాధి మీది రాయిని దేవదూత దొర్లించాడని చెప్పింది. రాహేలు అడిగింది అప్పుడే.

"దూతకు బరువేంది బిడ్డా," అని రాధమ్మ పండుగ పాట ఎత్తుకుంది.

ఆదివారం తెల్లవారుతుండగా, ఏటా లాగే పిల్లలతో పాడుకుంటూ సమాధుల దగ్గరికి వెళ్లింది. రాహేలు ముందే వచ్చి కూర్చుంది. ఒళ్లో తల్లిది ఉతికిన చీర. చేతి గోళ్లు చిట్లి ఉన్నాయి.

"దూతకు కష్టమైతదని నిన్న పొద్దుగూకంగ నేనే రాళ్లన్ని తీసేసిన. అమ్మ లేసింది పంతులమ్మా. సూడు, గుంతల లేదు."

గుంత నుంచి పొదల దాకా మన్నులో ఈడ్చిన చార ఉంది. దాని పక్కనే తోడేళ్ల అడుగులున్నాయి.

పిల్లలు పాట ఆపారు.

"ఎటు పోయింది? చీర ఇయ్యాలె," అంది రాహేలు.

రాధమ్మ ఆ అడుగుల మీద నిలబడింది.

"ప్రభువు కాడికి పోయింది బిడ్డా. పాడుండ్రి," అంది.

పిల్లలు పాడుతుంటే, రాధమ్మ పాదాలు నేలకు రాస్తూ, చెరిగిపోయేలా ఆ చార పొడుగునా నడిచింది.