కల్పిత శాసనం

"ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. అందుకే బాపట్ల నుంచి వచ్చాను."

"ఏ మాటయ్యా?" అన్నాడు జగన్నాథరావు, ఏమీ ఎరగనట్టు.

"కల్పిత శాసనం అని రాశారు చూడండి, ఆ మాట."

జగన్నాథరావు పడక్కుర్చీలోంచి కదల్లేదు. 'మధ్యయుగాంధ్రి' త్రైమాసిక పత్రికకు ఆయన సంపాదకుడు. కాకతీయుల కాలం మీద ఎవరు ఏం రాసినా చివరికి తెనాలి వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకోవలసిందే. పత్రిక రాగానే చందాదారులు వ్యాసాల జోలికి పోకుండా ముందు సంపాదకీయం తిప్పేవారు, ఈసారి ఎవరి తోలు వలిచాడో చూద్దామని.

ఈసారి వంతు సింగరయ్యది. సముద్రం ఒడ్డున పడవల మీద బతికే ఇంట పుట్టి, చదువుకుని, బాపట్లలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతున్నాడు. రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర పాడుబడిన మండపంలో రాతిపలక మీద శాసనం చూశానని, తడికాగితం అద్ది సిరాతో నకలు తీసి, వ్యాసంతో పాటు పంపాడు. ఏడువందల ఏళ్ళ కిందట పడవలు నడిపేవాళ్ళంతా కలిసి గుడిలో అఖండదీపం పెట్టించారని అందులో ఉంది.

సంపాదకుడు కళ్ళారా రాయి చూడందే ఏ శాసనమూ అచ్చు వెయ్యకూడదన్నది ఆ పత్రిక నియమం. జగన్నాథరావు ఎర్రటెండలో నగరం వెళ్ళాడు. మండపం ఉండవలసిన చోట గోతులు కనిపించాయి. తిరిగివచ్చి, చెమటైనా ఆరకముందే సంపాదకీయం రాసిపారేశాడు.

అది కాలేజీ కమిటీ చేతిలో పడింది. సోమవారంలోగా ఆ నింద తుడుచుకోకపోతే ఉద్యోగం ఊడుతుందని సింగరయ్యకు తేల్చి చెప్పారు.

"రాళ్ళు ఎవరో బళ్ళకెత్తుకుపోయారండి. ఊళ్ళో అడిగితే ఒక్కడూ నోరు విప్పట్లేదు."

"ఉంటే కదయ్యా, విప్పడానికి!"

"నకలు మీ దగ్గరే ఉంది కదండీ. ఆ లిపి ఆ కాలానిది కాదా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి."

"లిపి బాగానే చెక్కించావు."

సింగరయ్య మొహం నల్లబడింది. "నేను చెక్కించానా?"

"మరి? మీవాళ్ళకి చరిత్రలో చోటు లేదు. లేకపోతే చెక్కించుకోవాలి. వలలు లాక్కునేవాళ్ళు అఖండదీపం పెట్టించడమేంటి! చెప్పేవాడికి వినేవాడు లోకువని."

"అదే రాతి మీద ఏ మోతుబరి పేరో ఉంటే మీరు నగరం దాకా వెళ్ళేవారు కాదు సార్."

"మా తాత పేరున్నా వెళ్ళేవాణ్ణి!" అని గర్జించాడు జగన్నాథరావు.

అది నిజం. ఆయనది అబద్ధమాడే నోరు కాదు. పెడసరమే అంతా, దానికే ఆయన నిజాయితీ అని పేరు పెట్టుకున్నాడు.

బయట వాన దంచి కొట్టసాగింది. ఆయన భార్య రాఘవమ్మ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది.

"ఇల్లింకా పనిలో ఉంది నాయనా, ఏమనుకోకు. సరుకంతా రేపల్లె నుంచి మా తమ్ముడు పున్నారావే తోలిస్తున్నాడు. వాడే లేకపోతే ఈ సిమెంటు పర్మిట్ల రోజుల్లో గోడలు లేచేవా? తాపీవాళ్ళు వాకిలంతా బురద చేసిపోయారు. జారిపడలేదు కదా?"

"లేదమ్మా," అన్నాడు సింగరయ్య.

"ఆ కాఫీ లోపలికి తీసుకుపో. అతను వెళ్ళిపోతున్నాడు," అన్నాడు జగన్నాథరావు.

రాఘవమ్మ నొచ్చుకుని గ్లాసులతో వెనుదిరిగింది. పగవాడికైనా మంచినీళ్ళిచ్చి పంపే ఇల్లాలామె.

సింగరయ్య లేచాడు. "నా పొట్ట కొడుతున్నారు సార్."

"రాయి చూపించు! చూపించిన రోజున మొదటి పేజీలో నీకు క్షమాపణ వేసి, ఈ సంపాదకత్వానికో నమస్కారం పెట్టి తప్పుకుంటాను. చూపించలేవా, చరిత్ర మానేసి వల అల్లుకో."

అప్పటికి వాన వెలిసింది. చూరు నీళ్ళు మాత్రం ఇంకా ధారగా పడుతున్నాయి. సింగరయ్య విసురుగా వాకిట్లోకి దిగాడు. అంతటితో వదిలితే జగన్నాథరావు ఎలా అవుతాడు? వీధిలో నలుగురూ వినాలని వెనకే కొత్తగా వేసిన రాతిమెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చే సంచికలో ఇంకా రాస్తాను! దొంగ రాతలు రాసేవాళ్ళని ఊరికే వదలను!"

చెప్పుల కోసం వంగిన సింగరయ్య మళ్ళీ లేవలేదు. అలాగే కొంతసేపు ఉండి, మెల్లగా బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చూరు ధార కింద దోసిలి పట్టి, ఆ నీళ్ళు జగన్నాథరావు పాదాల దగ్గర పోశాడు. మళ్ళీ పట్టి మళ్ళీ పోశాడు. చేతిరుమాలు తీసి తుడవసాగాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

ఎదురింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. జగన్నాథరావుకు కడుపు నిండినట్టయింది. ఎంతమందినో ఏడిపించాడు కానీ, ఇలా వీధిలో కాళ్ళు కడిగినవాడు లేడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయనకు కొంచెం జాలి కూడా వేసింది.

"సరే, లే, లే. తప్పు ఒప్పుకున్నావు, అది చాలు. కమిటీవాళ్ళతో నేను మాట్లాడతాలే. కుర్రతనం, ఏదో కక్కుర్తి పడ్డాడని చెబుతాను."

సింగరయ్య తల ఎత్తాడు.

"కాస్త పక్కకు జరగండి సార్, శాసనం మీద నిలబడ్డారు."