రెండు ముక్కుల రూలు

“మీకు వాసన తెలియడం లేదట. నిజమేనా?”

మేనేజరమ్మ మెత్తగానే అడిగింది. పెద్దముక్కుకు మాత్రం కాళ్ల కింద నేల కదిలింది.

పెద్దముక్కు అన్నది ఆఫీసువాళ్లు ముద్దుగా పెట్టిన పేరు. ఆయన బామ్మర్ది చిన్నముక్కు. బావాబామ్మర్దులిద్దరిదీ ఒకటే ఉద్యోగం, వాసన చూడటం. నవ్వకండి, అదేమీ చిన్న పని కాదు. పశువుల పేడ నుంచీ, కుళ్లిన కూరగాయల నుంచీ తీసిన గ్యాసును బాగా కడిగి, దేశమంతా పాకిన పెద్ద గొట్టంలోకి పంపుతారు. కడిగాక దానికి ఏ వాసనా ఉండదు. వంటింట్లో లీకైనా ఎవరికీ తెలియదు. అందుకని ఒక ఘాటైన మందు కలుపుతారు. కలిసిందో లేదో యంత్రం చెబుతుంది. యంత్రాన్ని మాత్రం ఎంతని నమ్ముతాం? రెండు ముక్కులు “ఉంది” అని ఒప్పుకుంటే గానీ వాల్వు తెరవకూడదని రూలు. ఒక ముక్కు పొరబడినా రెండోది కాపాడుతుందని.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కలకంతా ఒకటే ప్లాంటు. ఇప్పుడు డెయిరీ పక్కనొకటి, చెత్త దిబ్బ పక్కనొకటి, పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. అన్నిటికన్నా పెద్దది సోమవారం మొదలవుతుంది. ఊళ్లో సగం పొయ్యిలు దాంతోనే వెలుగుతాయి. అక్కడ వాసన చూసేవాళ్లకు పెద్ద ఎవరని ఎవరూ అడగలేదు. పెద్దముక్కు ఉండగా ఇంకెవరు? ఆయన ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉంది.

“ఎవరు చెప్పారమ్మా?” అన్నాడు.

“ఎవరు చెబితే ఏముంది? నిజమా, కాదా?”

ఆయన తల దించుకున్నాడు.

“ఇంక గొట్టం దగ్గరికి వెళ్లకండి. ఆఫీసులో ఏదో ఒక పని చూద్దాం” అంది మేనేజరమ్మ.

అసలు ఎవరు చెప్పారని అడగాలా? ఆ సంగతి తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే. కట్టుకున్న భార్యకు కూడా తెలియదు.

కిందటేడు ఇంటిల్లిపాదినీ మంచాన పడేసిన జ్వరం, పోతూ పోతూ ఆయన వాసనను పట్టుకుపోయింది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ నెట్టుకొచ్చాడు. రాలేదు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఓ కిటుకు కనిపెట్టాడు. గొట్టం దగ్గర ఇద్దరూ వంగినప్పుడు ఓరకంట బామ్మర్దిని గమనించేవాడు. వాడి తల కాస్త కదిలితే చాలు, తనదీ కదిలేది. వాడా, మొదటి నుంచీ బావంటే గౌరవం ఉన్నవాడు. బావ ముఖంకేసి చూడందే ఏ పనీ చేయడు. ఎవరి తల ముందు ఊగిందో పక్కనున్నవాళ్లు చెప్పలేకపోయేవాళ్లు. జోడీ అంటే అలా ఉండాలని మెచ్చుకునేవాళ్లు కూడా.

పోయిన వారం టీ తాగుతూ పెద్దముక్కు మనసు విప్పాడు.

“ఒరేయ్, కొత్త ప్లాంటులో నా పక్కన నువ్వే ఉండాలి. నాకు వాసన పోయి ఏడాదైందిరా. నీ ముక్కుతోనే బతుకుతున్నాను.”

చిన్నముక్కు చేతిలో గ్లాసు ఒలికింది. ముఖం పాలిపోయింది. పాపం, నా గురించి ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాడు పిచ్చి బావ. ఎవరితోనూ అనొద్దని చెయ్యి చాపితే, వాడు చేతిలో చెయ్యి వేశాడు. మాట ఇచ్చినట్టే కదా! ఆ మాట వారం తిరక్కుండానే గాల్లో కలిసిపోయింది.

ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకుండా భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నీ తమ్ముడు నా నోట్లో మట్టి కొట్టాడే!”

సంగతంతా విని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

“అందుకా, కూర మాడి ఇల్లంతా కంపు కొట్టినా కిక్కురుమనకుండా తినేవారు? మీరూ వాడూ పోటీలు పడి తింటుంటే నా వంట బాగుందనుకుని మురిసిపోయాను!”

“ఇప్పుడు నీ వంట గొడవెందుకు? నేను తప్పుకుంటే ఆ కుర్చీ ఎవరిది? వాడిది కాదూ?”

“వాడు అలాంటివాడు కాదండీ. మీరు దగ్గరుండి పని నేర్పించిన పిల్లాడు.”

“అందుకేగా నా కడుపు మండుతోంది!”

నిజంగా అందుకే. మందు ఎక్కువైతే ఎలా ఉంటుందో, తక్కువైతే ఎలా ఉంటుందో వాడికి తెలియజెప్పింది తనే. ఇంట్లో చోటిచ్చి, ఆఫీసులో సిఫార్సు చేసి, సొంత తమ్ముడిలా చూసుకున్నాడు. పరాయివాడు పొడిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాడు. చిన్నముక్కు ఆ రాత్రి ఇంటికే రాలేదు.

పొద్దున్నే సామాను తెచ్చుకుందామని ప్లాంటుకు వెళ్లాడు. లాకర్ల గదిలో చిన్నముక్కు అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

“నువ్వే చెప్పావు కదూ?”

“నేనే బావా. చెప్పకుండా ఉండలేకపోయాను.”

“సిగ్గులేదురా నీకు? మీ అక్క ముఖమైనా గుర్తురాలేదా? అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదరా ఆ దిక్కుమాలిన కుర్చీ! ఇంత వెన్నుపోటు...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. చిన్నముక్కు సంచి సర్దుకుంటున్నాడు. టోపీ, మగ్గు, చలికోటు ఒక్కొక్కటే అందులోకి వెళ్తున్నాయి. మెడలోని బ్యాడ్జీ కూడా తీసి బల్ల మీద పెట్టేశాడు.

“నిన్నెందుకు తీసేశారు?” అన్నాడు పెద్దముక్కు, ఏమీ అర్థంకాక. “నీ ముక్కు భేషుగ్గా ఉందిగా!”

చిన్నముక్కు అప్పుడు ఇటు తిరిగాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఆ జ్వరంలో నాకూ వాసన పోయింది బావా, ఇన్నాళ్లూ నీ ముఖం చూసే తలూపాను.”