తువ్వాలు వేసిన సీటు

పాత పాసింజరు పోయి, డ్రైవరు లేని కొత్త రైలు వచ్చిన మొదటి ఉదయం అది. కాసులమ్మ ఎక్కగానే, వచ్చే స్టేషన్లో ఎక్కే వీరవేణి కోసం ఎప్పటిలాగే పక్క సీటు మీద తువ్వాలు వేసింది.

"ఈ సీటు ఎవరిదండీ?" అని రైలు మర్యాదగా అడిగింది.

"మా వీరవేణిది."

"వీరవేణి గారికి స్వాగతం. సీట్లన్నీ నిండాయి కాబట్టి ఇక మధ్యలో ఆగం."

కాసులమ్మ చుట్టూ చూసింది. సగం సీట్లలో తువ్వాళ్ళే ఉన్నాయి.

ఇంతలో వచ్చిన స్టేషన్ ప్లాట్‌ఫారం మీద వీరవేణి రొయ్యల తట్టతో చెయ్యెత్తి పరిగెత్తుతూ కనిపించి, వెనక్కి జారిపోయింది. కాసులమ్మ తెరుచుకోని కిటికీ అద్దాన్ని రెండు చేతులా బాదింది.

"ఓరి నాయనో, ఆపండయ్యా! మనిషి అక్కడే ఉండిపోయింది!"

"వీరవేణి గారూ," అంది రైలు తువ్వాలుతో, "మీ పక్కావిడ కంగారు పడుతున్నారు. కాస్త మంచినీళ్ళు తాగించండి."